రాలిన ఆకు – నేల సారం

మాఘమాసం ప్రవేశించగానే మా కళాశాల ఆవరణలోని చెట్లు ఆకు రాల్చడం ప్రారంభిస్తవి. ముందుగా రావి, దాని వెనుక వేప, ఆ తరువాత కానుగ. ఫాల్గుణం నాటికి తరగతి గదుల ముందు నేల కనిపించదు. ఉర్దూ శాఖలోని మా మిత్రులు ఈ కాలాన్ని ‘పత్‌ఝడ్’ అంటారు. పత్తా అనగా ఆకు. ఝడ్‌నా అనగా రాలడం. తెలుగువారి ‘ఆకురాలు కాలం’ అన్న మాటకు అది తోబుట్టువు. రెండు భాషలూ ఆకు రాలడాన్ని చూచి పేరు పెట్టినవి. రాలిన పిదప ఆ ఆకు ఏమవుతుందన్నది ఏ పేరులోనూ లేదు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఆ మిగిలిన కథ.

మా ఆవరణలో మొన్నమొన్నటి దాకా ఆ కథ చాలా చిన్నది. ఉదయం ఊడ్చిన ఆకులు ప్రహరీగోడ ప్రక్కన కుప్పపడేవి. పది గంటలకు ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీసేవారు. మొదటి పీరియడు ముగిసేలోగా ఆకు బూడిద అయ్యేది. పొగ మాత్రం రెండవ పీరియడు దాకా గదులను విడిచేది కాదు. 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్తను ఆరుబయట తగులబెట్టరాదని స్పష్టంగా చెప్పినవి. అయినా చిరకాలపు అలవాటు ఒక్క నియమంతో పోదు.

తెలుగు బోధించేవారికి ఈ విషయంతో పని ఏమని విద్యార్థులు అడగవచ్చును. అందుకు ఒక కారణం ఉన్నది. మా తండ్రిగారు వ్యవసాయదారులు. ఊరి చివర మాకు రెండెకరాల చల్కా నేల కలదు. 2012 వేసవిలో, మేము ఎం.ఏ. చదువుతున్న రోజులలో, రాలిన ఆకు మంచి ఎరువని ఒక పత్రికలో చదివినాము. చదివిన ఉత్సాహంతో పొరుగు మామిడితోటలోని ఎండుటాకును పది బండ్లు తోలించి, మృగశిర కార్తె తొలి వానకు చేనంతా పరచి, దున్నించి, ఆ వెంటనే మక్కజొన్న వేయించినాము. మొలక బాగానే వచ్చింది. మూడు వారాలకు క్రింది ఆకులు కొనల నుండి పాలిపోసాగినవి. నెల నిండేసరికి చేను చేనంతా పసుపురంగు పూసినట్లయినది. ప్రక్క చేలలో పైరు నల్లగా నిగనిగలాడుతుంటే మా చేను రోగిష్టి బిడ్డవలె నిలబడింది. తండ్రిగారు అప్పు చేసి రెండు బస్తాల యూరియా తెచ్చి వేసినారు. మమ్ములను ఒక్క మాట కూడ కఠినంగా అనలేదు. “కితాబ్ ఆధీచ్ పఢే నా బేటా” (పుస్తకం సగమే చదివినావు కదా బిడ్డా) అన్నారు, అంతే. ఆ మరుసటి సంవత్సరం నుండి గట్ల మీది కానుగ ఆకుతో సహా చేతికందిన ఆకునంతా కాల్చివేయడం వారికి నియమమైనది.

ఆ మిగిలిన సగం పుస్తకం మాకు చాలా ఆలస్యంగా దొరికినది. మా కళాశాలలో వృక్షశాస్త్రం బోధించే సహాధ్యాపకులు ఓపికతో దానిని మాకు పాఠం చెప్పినారు. వారి వద్ద నేర్చినదీ, తరువాత మేము చదివి, కొంత చేసి చూచినదీ ఇక్కడ వరుసగా పొందుపరుస్తున్నాము. మా విద్యార్థులలో అనేకులు సేద్యం చేసే ఇండ్ల నుండి వచ్చినవారే. మేము చేసిన పొరపాటు వారు చేయకుండుటకు ఇది ఉపకరించినచో చాలును.

ఆకు రాలుటకు ముందు

ఆకు రాలడం ప్రమాదం కాదు. చెట్టు చేసుకొనే ఏర్పాటు. శీతల దేశాలలో చలికి ముందు ఆకు రాలుతుంది. మన దక్కను పీఠభూమిలో నీటి ఎద్దడికి ముందు రాలుతుంది. వేసవిలో వేరుకు నీరందదు గనుక, ఆకుల ద్వారా ఆవిరి అయ్యే నీటిని ఆదా చేసుకొనుటకు చెట్టు ఆకును వదలుకొంటుంది.

వదలుకొనే ముందు అది తన సొత్తును వెనుకకు తీసుకొంటుంది. పత్రహరితం విచ్ఛిన్నమవుతుంది; ఆకులోని నత్రజని, భాస్వరం కొమ్మలలోనికి తిరిగి వెళ్ళుతవి. సాధారణంగా ఈ రెండింటిలో సుమారు సగం ఈ విధంగా వెనుకకు పోతుంది. పత్రహరితం పోయినందువలననే పండుటాకు పసుపు రంగు ధరిస్తుంది. సున్నపు ధాతువు మాత్రం కదలలేదు, ఆకులోనే ఉండిపోతుంది. కనుక పచ్చి ఆకు వేరు, పండి రాలిన ఆకు వేరు. పచ్చి ఆకులో నత్రజని పుష్కలం. రాలిన ఆకులో స్వల్పం. 2012లో మేము గ్రహించని మొదటి విషయం ఇదే.

రాలిన ఆకు ఎండు బరువులో దాదాపు సగం కర్బనం. ఈ కర్బనం పలు రూపాలలో ఉంటుంది. చక్కెరలు, పిండి పదార్థాలు సులభంగా కరిగేవి. సెల్యులోజు అంతకంటె గట్టిది; ప్రత్తి నూలు దాదాపు అంతా సెల్యులోజే. అన్నింటికంటె మొండిది లిగ్నిను. కొయ్యకు గట్టిదనమిచ్చేది అదే. వీటికి తోడు మైనపు పూత, వగరు పుట్టించే టానిన్లు ఉంటవి. ఉష్ణమండలపు పొడి ఆకురాల్చు అడవులలో ఏటా హెక్టారుకు 3 మొదలు 10 టన్నుల వరకు ఆకు అలము రాలడం సామాన్యం. నల్లమల వంటి అడవిలో ఎవ్వరూ ఊడ్చరు. ఎవ్వరూ ఎరువు వేయరు. అయినా ఆకు పేరుకొని కొండలు కాలేదు; నేల నిస్సారమూ కాలేదు. ఆ పనిని అక్కడ చేసేవారెవరు?

విందుకు వచ్చే వరుస

శిలీంధ్రాలకు పత్రహరితం లేదు. అవి తమ ఆహారాన్ని తాము తయారుచేసుకొనలేవు. వాటి దేహం సన్నని తంతువుల అల్లిక. ఒక్కొక్క తంతువు మందం సాధారణంగా 2 నుండి 10 మైక్రోమీటర్లు. మన తల వెంట్రుకలో పదవ వంతు కూడ ఉండదనవచ్చును. మంచి నేలలో చిటికెడు మట్టి తీసినా అందులో ఈ తంతువులు మీటర్ల కొలదీ ఉంటవి. మనము తిన్న పిదప అరిగించుకొంటాము. శిలీంధ్రం అరిగించుకొన్న పిదప తింటుంది. తంతువు కొనల నుండి ఎంజైములను బయటికి స్రవింపజేసి, ఆకును బయటనే కరిగించి, ఆ ద్రవాన్ని పీల్చుకొంటుంది. ఈ కారణం చేతనే ఆకు కుళ్ళడంలో శిలీంధ్రాలకు అగ్రస్థానం లభించినది. బాక్టీరియాకు తడి పొర కావలెను. తంతువు పొడి ఆకును సైతం చీల్చుకొని లోపలికి చొరబడగలదు.

ఈ విందుకు అందరూ ఒకేసారి రారు. ఆకు చెట్టున ఉండగానే క్లాడోస్పోరియం, ఆల్టర్నేరియా వంటి బూజులు దాని పైన కాచుకొని ఉంటవి. నేలపై పడి తొలి వాన తగలగానే పొటాషియం, చక్కెరలు నీటితో దిగిపోతవి. ఆ చక్కెరలకై మ్యూకార్, రైజోపస్ వంటివి వేగంగా పెరుగుతవి; నిలువ రొట్టె మీద మనము చూచే బూజు ఈ జాతిదే. చక్కెర అయిపోగానే వాటి పని ముగుస్తుంది. తరువాత ఆస్పర్‌జిల్లస్, పెనిసీలియం, ట్రైకోడెర్మా, కీటోమియం మొదలైనవి సెల్యులోజు మీద పడుతవి. చివరకు మిగిలిన లిగ్నినును కరిగించే శక్తి ముఖ్యంగా పుట్టగొడుగు వర్గపు శిలీంధ్రాలకు ఉన్నది. తడిసిన ఆకుల కుప్పను పైపైన తొలగించి చూస్తే, అడుగు ఆకుల మీద తెల్లని దారాలు, వెలిసిపోయిన తెల్లని మచ్చలు కనిపిస్తవి. అక్కడ లిగ్నిను కరిగిపోతున్నదని అర్థం.

ఈ పనిలో శిలీంధ్రాలకు సహాయకులు అనేకులు. రోకలిబండలు, చెదలు, వానపాములు, కంటికి ఆనని పురుగులు ఆకును కొరికి ముక్కలు చేసి, తంతువులకు దారి ఇస్తవి. చార్లెస్ డార్విన్ తన చివరి గ్రంథాన్ని 1881లో వెలువరించినాడు. అది వానపాములు నేల మట్టిని తయారుచేసే విధానాన్ని గురించినది. జీవపరిణామాన్ని వివరించిన మహాశాస్త్రవేత్త తన అంత్యదశలో వానపాము ముందు కూర్చున్నాడంటే, ఆ పని అల్పమైనది కాదని తెలుస్తున్నది.

పుట్టగొడుగు అన్న మాట

ఇక్కడ భాషకు సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పకుండ ఉండలేము. తెలుగులో పుట్టగొడుగు అన్న మాట పుట్ట, గొడుగు అను రెండు పదాల కలయిక. చెదపుట్ట మీద వానకాలంలో మొలిచే గొడుగు అది. ఇది కేవలం పోలిక కాదు. కన్నులతో చూచి పెట్టిన పేరు. మన నేలలలోని కొన్ని చెదలు ఎండుటాకును, పుల్లను కొరికి తెచ్చి, పుట్ట లోపల తేనెపట్టు వంటి గూళ్ళు కట్టి, వాటిపై ఒక ప్రత్యేకమైన శిలీంధ్రాన్ని పెంచుతవి. చెదకు స్వయంగా అరగని లిగ్నినును ఆ శిలీంధ్రం మెత్తబరుస్తుంది. చెద దానిని తింటుంది. వానలు పడగానే ఆ శిలీంధ్రమే పుట్టను చీల్చుకొని గొడుగులుగా పైకి వస్తుంది. శాస్త్రజ్ఞులు దీనికి టర్మిటోమైసిస్ అని పేరు పెట్టినారు. చెదల ఈ సేద్యాన్ని దక్షిణ భారతదేశంలో పరిశీలించి 1779లో వివరించినవాడు యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు. అతడు లినేయస్ శిష్యుడు. 1785లో కాకినాడ సమీపాన జగన్నాథపురంలో కన్నుమూసినాడు.

మా ఇంట మా దాదీమా పుట్టగొడుగును ‘సాఁప్ కీ ఛత్రీ’ అనేవారు; అనగా పాము గొడుగు. పుట్టలో పాము ఉంటుందన్నది తెలుగువారి తలపు. గొడుగు పాముదేనన్నది ఉర్దూవారి తలపు. పుట్ట ఒక్కటే, గొడుగు ఒక్కటే, పేర్లు రెండు. అయితే పుట్టగొడుగులన్నీ తినదగినవి కావు. కొన్ని ప్రాణాంతకమైన విషం కలవి. తెలిసినవారు చూపనిదే దేనిని కోయరాదు.

మా చేను పాలిపోయిన కారణం

ఇక మా పొరపాటు వద్దకు వస్తాము. ఆకు కుళ్ళడంలో కర్బనం ఎంత, నత్రజని ఎంత అన్న నిష్పత్తి కీలకమైనది. నేలలోని సూక్ష్మజీవుల దేహంలో ప్రతి 8 పాళ్ళ కర్బనానికి సుమారు ఒక పాలు నత్రజని ఉంటుంది. అవి తిన్న కర్బనంలో దాదాపు మూడవ వంతు దేహంగా మారుతుంది. మిగిలినది శ్వాసక్రియలో బొగ్గుపులుసు వాయువై పోతుంది. కనుక వాటి ఆహారంలో 24 పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటే లెక్క సరిపోతుంది.

ఒక చిన్న గణితం చేసి చూతము. 100 కిలోల ఎండుటాకులో కర్బనం 45 కిలోలు, నత్రజని ముప్పావు కిలో ఉన్నవనుకొందాము. నిష్పత్తి 60కి ఒకటి. 45 కిలోలలో మూడవ వంతు, అనగా 15 కిలోల కర్బనం సూక్ష్మజీవుల దేహమవుతుంది. అందుకు వలసిన నత్రజని 15ను 8తో భాగించగా దాదాపు 1.9 కిలోలు. ఆకు ఇచ్చేది 0.75 కిలో మాత్రమే. తక్కువ పడిన 1.1 కిలోల పైచిలుకు నత్రజనిని శిలీంధ్రాలు, బాక్టీరియా ఎక్కడి నుండి తెచ్చుకొంటవి? నేల నుండి లాగుకొంటవి. పైరు వేళ్ళకు అందవలసిన నత్రజని వాటి పాలవుతుంది. శిలీంధ్రానికి ఇంకొక నేర్పు కూడ ఉన్నది. తంతువు ఒక కొన మట్టిలో, ఒక కొన ఆకులో ఉంచి, మట్టిలోని నత్రజనిని ఆకులోనికి మోసుకొని పోగలదు. ఆ సంవత్సరం మా మక్కజొన్న పాలిపోయినది ఇందువలననే. 100 కిలోల ఆకుకు ఏర్పడే ఆ లోటును పూడ్చవలెనన్న సుమారు రెండున్నర కిలోల యూరియా పట్టుతుంది. తండ్రిగారు అప్పు చేసి తెచ్చిన రెండు బస్తాలు మేము కలిపించిన ఆకు పుచ్చుకొన్నది.

ఇప్పుడు అదే లెక్క పచ్చి కానుగ ఆకుకు వేసి చూతము. 100 కిలోల ఎండు బరువులో కర్బనం 45 కిలోలే. నత్రజని మాత్రం 3 కిలోలనుకొందాము. సూక్ష్మజీవులకు కావలసినది అదే 1.9 కిలోలు. 1.1 కిలో మిగిలి పైరుకు దక్కుతుంది. కానుగ చిక్కుడు కుటుంబపు చెట్టు. దాని వేరుబుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరపరుస్తవి. మన పెద్దలు కానుగ రొట్టను వరి మళ్ళలో త్రొక్కించినది ఊరక కాదు. ఈ లెక్క వారు కాగితం మీద వేయలేదు. పైరు రంగులో చదివినారు.

అయితే నేల నుండి శిలీంధ్రం తీసుకొన్న ఆ నత్రజని దొంగిలించబడినది కాదు, అప్పు. కర్బనం తరిగిన కొద్దీ తంతువులు చనిపోతవి. వాటిని సూక్ష్మమైన పురుగులు తింటవి. నత్రజని తిరిగి నేలకు వస్తుంది. మేము ఆ ఆకును రెండు మూడు నెలలు ముందుగా కుళ్ళనిచ్చి ఉంటే అప్పు తీరిన పిదప విత్తనం పడేది. ఆకులో దోషం లేదు. మా తొందరలోనే దోషం ఉన్నది.

నేలకు కలిగే లాభం

ఆకు నుండి నేలకు చేరేది ఎరువు మాత్రమే అనుకొనరాదు. సారానికి మూడు ముఖాలు ఉన్నవి.

మొదటిది నేల కట్టుబాటు. తంతువులు మట్టి రేణువులను దారంతో కట్టినట్లు చుట్టి, జిగురు పదార్థాలతో అతికి, చిన్న చిన్న గుళికలుగా చేస్తవి. గుళికల నడుమ ఖాళీలలో గాలి, నీరు నిలుస్తవి. ఆకు అందని చల్కా నేల వానకు మెదిగి, ఎండకు పెచ్చు కట్టుతుంది; మొలక ఆ పెచ్చును చీల్చలేక వంగిపోతుంది. చల్కా రైతులందరికీ ఇది అనుభవమే. అమెరికాలో సారా రైట్ అను శాస్త్రవేత్త 1996లో శిలీంధ్ర సంబంధమైన అట్టి జిగురు పదార్థాన్ని గుర్తించి వివరించినారు. దానికి గ్లోమాలిన్ అని పేరు వచ్చినది. దాని రసాయన స్వరూపాన్ని గురించి చర్చ ఇంకను సాగుతున్నది. తంతువులు మట్టిని కట్టి ఉంచునన్న విషయంలో భేదాభిప్రాయం లేదు.

రెండవది హ్యూమస్. నల్లని ఈ పదార్థం నీటిని, సున్నం, పొటాష్ వంటి లవణాలను పట్టి ఉంచుతుంది. కుళ్ళక మిగిలిన ఆకు ముక్కలే హ్యూమస్ అని పూర్వం భావించేవారు. నేలలో దీర్ఘకాలం నిలిచే సేంద్రియ పదార్థంలో అధిక భాగం చనిపోయిన సూక్ష్మజీవుల అవశేషాలే బంకమట్టి రేణువులను అంటిపెట్టుకొని ఉన్నవని ఇటీవలి పరిశోధనలు తెలుపుతున్నవి. అనగా ఆకు ముందు శిలీంధ్రం కావలెను. శిలీంధ్రం గతించి నేల కావలెను.

మూడవది వేరుతో స్నేహం. దీనిని చేసేవి ఆకును కుళ్ళించే శిలీంధ్రాలు కావు. వేరే వర్గానికి చెందినవి. వేరును ఆశ్రయించి బ్రతికే శిలీంధ్రాలకు, ఆ వేరుకు గల జంటను 1885లో ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మైకోరైజా అని పిలిచినాడు. తెలుగులో శిలీంధ్రమూలం అంటున్నాము. జొన్న, మక్క, కంది, వేరుశనగ, ప్రత్తి, మామిడి, చింత వంటి మొక్కలన్నిటికీ ఈ స్నేహం ఉన్నది. ఆవ కుటుంబపు మొక్కలకు లేదు. మొక్క చక్కెర ఇస్తుంది. శిలీంధ్రం భాస్వరం తెచ్చి ఇస్తుంది. భాస్వరం నేలలో కదలదు. ఎర్ర నేలలో ఇనుము, అల్యూమినియం ధాతువులు, రేగడిలో సున్నం దానిని పట్టి ఉంచుతవి. వేరు తన చుట్టు ఉన్నంత మేర పీల్చుకొని ఆగిపోతుంది. తంతువు అంతకు మించిన దూరం పోయి తెస్తుంది. ఆకును కుళ్ళించేవారు భాస్వరాన్ని విడిపిస్తే, వేరును ఆశ్రయించేవారు దానిని మోసుకొని వస్తారు. ఆకు కప్పిన నేల చల్లగా, తడిగా ఉండి ఈ రెండు వర్గాలనూ కాపాడుతుంది. మోతాదు మించిన భాస్వరపు ఎరువు, పదే పదే లోతుగా దున్నడం, నిప్పు ఈ స్నేహాన్ని చెరుపుతవి.

కాల్చితే ఏమి మిగులుతుంది? నత్రజనిలో చాల భాగం వాయువై గాలిలో కలిసిపోతుంది. కర్బనం పొగ అవుతుంది. పొటాష్, సున్నం బూడిదలో మిగులుతవి. గాలి వీచే వరకు, మొదటి వాన కొట్టే వరకు ఉంటవి. పైపొరలోని తంతువులు మాడిపోతవి. బూడిద వేసిన మడి ఒక పంటకు కళకళలాడవచ్చును. అది మూలధనం అమ్మి చేసిన పండుగ వంటిది.

మన భూసార పరీక్షలలో సేంద్రియ కర్బనం అర శాతం కంటె తక్కువైతే ‘తక్కువ’ అని, 0.5 నుండి 0.75 వరకు ‘మధ్యమం’ అని, ఆ పైన ‘ఎక్కువ’ అని వ్రాస్తారు. 2015లో ప్రారంభమైన భూసార పత్రాల పథకం క్రింద మా తండ్రిగారి చేనుకు వచ్చిన కార్డులో ఆ అంకె 0.3. అంతకు ముందు మూడు సంవత్సరాలుగా వారు ఆకును కాల్చుతూనే ఉన్నారు. కాల్చడానికి కారణం మేము. కార్డు చేతిలో పట్టుకొని ఆనాడు మేము సిగ్గుపడినాము.

ఆకులలో భేదాలు – కొన్ని జాగ్రత్తలు

ఆకులన్నీ ఒక్క తీరున కుళ్ళవు. కానుగ, గ్లైరిసిడియా, సుబాబుల్ లేత ఆకులు కొన్ని వారాలలోనే కరుగుతవి. మామిడి, జీడిమామిడి, టేకు, నీలగిరి ఆకులు నెలల తరబడి ఉంటవి. నీలగిరిలోని తైలాలు, వగరు పదార్థాలు తొలుత కొన్ని సూక్ష్మజీవులను అణచి ఉంచుతవి గనుక దానిని పచ్చిగా చేనిలో కలుపరాదు. వేపలో ఒక విశేషం ఉన్నది. నేలలో నత్రజని రూపం మారి కొట్టుకొనిపోయే వేగాన్ని వేప పదార్థాలు తగ్గిస్తవి. 2015లో దేశంలో తయారగు యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేయడానికి గల కారణాలలో ఇది ఒకటి.

రోగం సోకిన పైరు ఆకును కుళ్ళబెట్టకుండ చేనికి తిరిగి వేయరాదు. తెగుళ్ళు కలిగించేవి కూడ శిలీంధ్రాలే. వేరుశనగ మొదళ్ళ వద్ద కుళ్ళని ఎండుటాకు ఉన్నచో స్క్లెరోషియం అను శిలీంధ్రం దానిపై బలిసి మొదలు కుళ్ళు కలిగిస్తుంది. బాగుగా మాగిన ఎరువులో ఈ భయం తక్కువ. కుప్ప వేడికి తెగులు బీజాలు చాల వరకు నశిస్తవి. ట్రైకోడెర్మా వంటి మిత్ర శిలీంధ్రాలు మిగిలినవాటిని అదుపులో ఉంచుతవి.

గుంట తవ్విన కథ

ఆకును మాగబెట్టే పద్ధతిని శాస్త్రీయంగా రూపొందించిన కీర్తి మన దేశానికే దక్కినది. ఆల్బర్ట్ హోవర్డ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1924 నుండి 1931 వరకు ఇందూరులో పనిచేసి, భారతీయ రైతుల అలవాట్లను గమనించి ఇందూరు పద్ధతిని ప్రకటించినాడు. 1939లో సి. ఎన్. ఆచార్య బెంగుళూరు పద్ధతిని రూపొందించినారు. మా ఆవరణలో మేము అనుసరించినది ఇందూరు పద్ధతికి సులభ రూపం.

గత సంవత్సరం ఫాల్గుణంలో విద్యార్థులతో కలిసి ప్రహరీగోడ ప్రక్కనే, అనగా కాల్చే చోటనే, పది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గల గుంట తవ్వినాము. అరడుగు మందం ఎండుటాకు, దానిపై పేడనీరు, దానిపై పలుచగా పచ్చి కానుగ రొమ్మ, పిడికెడు చెట్టు క్రింది మట్టి. ఈ వరుసలో గుంట నిండే వరకు పేర్చినాము. పేడ, పచ్చి రొమ్మ నత్రజని లోటు పూడ్చుటకు. పిడికెడు మట్టి శిలీంధ్రాలను పిలుచుటకు. పిడికిట పట్టి పిండితే చేయి తడి కావలెను గాని నీరు కారరాదు. తడికి ఇది కొలత. వారం లోపల కుప్ప లోపలి వేడి చేయి పెట్టలేనంత పెరిగినది. సరిగా పేర్చిన కుప్పలో అది 55 నుండి 65 డిగ్రీలకు చేరడం సాధారణం. నెలకొకసారి తిరగవేసినాము. వేడి తగ్గిన పిదప తెల్లని తంతువులు, వాటి వెనుక వానపాములు కనిపించినవి.

అయిదు నెలలకు గుంట నిండుగా ఉన్న ఆకు మూడవ వంతుకు దిగినది. ఆకు ఆనవాలు లేదు. నల్లగా, పొడిపొడిగా, తొలకరి నాటి మట్టి వాసన వచ్చింది. ఆ వాసన ఆక్టినోమైసిటీస్ అను సూక్ష్మజీవులు విడిచే జియోస్మిన్ అను పదార్థానిది. నాలుగు బస్తాలు నింపి ఊరికి తీసికొని వెళ్ళినాము. ఎకరానికి నాలుగు టన్నుల పశువుల ఎరువు వేయవలెనని వ్యవసాయ శాఖ చెప్పేచోట నాలుగు బస్తాలు ఏ మూలకు? రెండు గుంటల మడికి మాత్రమే చాలినది. తండ్రిగారు గుప్పెడు తీసి, వ్రేళ్ళ నడుమ నలిపి, వాసన చూచి, ఇది ఏ పెంట అని అడిగినారు. మామిడాకు, వేపాకు అని చెప్పినాము. వారు నమ్మలేదు.

ఆ మడిలో యాసంగికి ఆకుకూర వేసినారు. అంత చిన్న మడిలో ఒక్క పంటతో నేల సారం మారిందని చెప్పడం సత్యం కాదు. ఒక్క విషయం మాత్రం చూచినాము. నీరు పెట్టి ఆరిన తరువాత మిగిలిన మళ్ళన్నీ పెచ్చు కట్టినవి. ఆ మడి పెచ్చు కట్టలేదు. తండ్రిగారు చెప్పుకాలితో ఈ మడి త్రొక్కి, ఆ మడి త్రొక్కి చూచినారు. ఏమీ అనలేదు. ఈ మాఘంలో మేము ఊరికి వెళ్ళేసరికి గట్టు మీది కానుగల క్రింద ఆకు కాలలేదు. ఊడ్చి ఒక మూల ప్రోగు పెట్టి ఉన్నది. ప్రోగు ప్రక్కన గడ్డపార ఉన్నది.

విద్యార్థులారా! నేలకు రాలిన ఆకు చెట్టు చేసిన అప్పు తీర్పు. ఆ అప్పును వసూలు చేసి నేలకు జమ కట్టే గుమాస్తాలు కంటికి కనిపించని శిలీంధ్రాలు. వారి చేతిలోని కాగితాలను మనము తగులబెట్టరాదు. మీ ఇంట, మీ చేన, మీ వీధిలో చెట్టు ఉంటే దాని ప్రక్కన ఒక చిన్న గుంట తవ్వండి. ఎండుటాకును తొందరపడి విత్తు ముందు కలుపకండి. మాగిన పిదప కలుపండి. సగం చదివి చేనికి పోవద్దన్నదే మా అనుభవం నేర్పిన పాఠం. ఆ పాఠానికి మా తండ్రిగారి రెండు బస్తాల యూరియా, మూడేండ్ల ఆకు ఖర్చయినవి. మీకు అది ఖర్చు లేకుండ అందవలెనని ఈ నాలుగు మాటలు వ్రాసినాము.